ఐసుగడ్డలో గరిటె

తొట్టిలో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపాక తాత చెయ్యి పెట్టి చూడలేదు. నేలమీద మోకాళ్ళు ఆనించి, ఒక పక్క విరిగిన అంచు పట్టుకుని వంగి, కుడి చెంపని నీళ్ళకి తగిలించాడు. నెరిసిన గడ్డం కొసల నుంచి నీళ్ళు కారాయి. కాసేపు అలాగే ఉండి, ఇంకో చెంబు చన్నీళ్ళు పోసి, మళ్ళీ చెంప పెట్టాడు. ఈసారి తనలో తనే తలూపుకున్నాడు. పసివాళ్ళ ఒంటికి సరిపోతాయి.

వంటగది గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తున్న వంటామె ఇది చూసి నవ్వింది.

"ఏం బాబాయ్, పొద్దున్నే తొట్టికి ముద్దులు పెడుతున్నావ్?"

"పెట్టించుకునేవాళ్ళు ఇంకెవరున్నారు నాకు?"

"పోనీ పెళ్ళి చేసెయ్యమంటావా ఇద్దరికీ?"

"అంచు విరిగిన సంబంధం నాకెందుకమ్మా," అంటూ తాత భుజం మీది తువ్వాలుతో గడ్డం తుడుచుకుని, నడుం పట్టుకుని లేచాడు.

ఆ చేతులు చూస్తే ఎవరైనా గట్టి చేతులే అనుకుంటారు. వెడల్పాటి అరచేతులు, ఉబ్బిన వేళ్ళు, గీతలు పడి మందమైన గోళ్ళు. కుడిచేతి చిటికెన వేలికి కొస లేదు. అయితే ఆ చేతులకి వేడి తెలియదు, చల్లన తెలియదు, గరుకూ నునుపూ తెలియవు. చీపురు పట్టుకున్నాడో లేదో కూడా కళ్ళతో చూసుకుని రూఢి చేసుకోవాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఒక పూట పని.

ఐసు ఫ్యాక్టరీలో చేరేనాటికి అతనికి మీసం రాలేదు. ఆ ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆ మీసం నెరిసిపోయింది. మధ్యలో జరిగిందంతా ఒకటే పని. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి ఇనప డబ్బాలు పైకి లాగడం, బోర్లించడం, జారి పడ్డ ఐసు దిమ్మని కొంకితో గది చివరికి ఈడ్చడం, కరగకుండా రంపపు పొట్టు చల్లి తడి గోనె కప్పడం. యజమాని చేతికి తొడుగులు ఇవ్వలేదని అనడానికి లేదు, ఇచ్చాడు. తడిసిన తొడుగు చేతికి అతుక్కుని, తీసేటప్పుడు చర్మంతో సహా వచ్చేది. అందుకని అవి గోడకి కొట్టిన మేకుకే వేలాడేవి, ఎవరైనా తనిఖీకొస్తే చూపించడానికి పనికొచ్చేవి.

మొదట్లో చేతులు మండేవి. తర్వాత సూదులు గుచ్చినట్టుండేది. రాత్రిళ్ళు చంకల్లో పెట్టుకుని పడుకునేవాడు. ఒక చలికాలం ఉన్నట్టుండి మంట పోయింది, సూదులూ పోయాయి. తగ్గిపోయిందనుకున్నాడు. ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పి సంతోషించాడు కూడా. ఆవిడ పాపం ఆ రోజు పాయసం వండింది. ఆ గిన్నె పొయ్యి మీంచి వట్టి చేతుల్తో దించాడు. అప్పుడు తెలిసింది తగ్గింది నొప్పి కాదని.

ఆ పెళ్ళాం పోయి చాలా కాలమైంది. ఇప్పుడు కూతురి ఇంట్లో ఉంటున్నాడు. పొద్దునా సాయంత్రమూ కూతురు టీ పెట్టి, గ్లాసుకి పాతగుడ్డ చుట్టి, దానిమీద రబ్బరు బ్యాండు వేసి కిటికీ గట్టు మీద పెడుతుంది. ఒకసారి ఎవరితోనో కబుర్లాడుతూ కాలే గ్లాసుని అలాగే పట్టుకుని కూర్చుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. అప్పటి నుంచీ ఆ గుడ్డ. గట్టు మీద పెట్టి "నాన్నా, టీ" అని వెళ్ళిపోతుంది. చేతికి ఇవ్వదు. ఆమె చెడ్డదేం కాదు. ఆ ఇంట్లో చేతికి ఇచ్చి చేతినుంచి పుచ్చుకునే అలవాటు మొదటినుంచీ లేదు, అంతే. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడు అతను పని నుంచి వచ్చి బుగ్గ ముట్టుకుంటే ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చేది. "ఆ చేతుల్తో పిల్లని ముట్టుకోకు, జ్వరమొస్తుంది" అనేది పెళ్ళాం. చేతులు వెచ్చబడ్డాక ముట్టుకుందాం అని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. అవి వెచ్చబడేసరికి పిల్ల నిద్రపోయేది. అలా పిల్ల పెద్దదైపోయింది. చూసుకున్నాడు, చూడలేదని కాదు. ఉయ్యాల్లో చూశాడు, బడికి వెళ్తుంటే చూశాడు, పెళ్ళిపీటల మీద చూశాడు.

ఐసు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ కుట్టు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో పని దొరికింది. అందులో మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళ పసిపిల్లల్ని చూస్తారు. అందరూ దాన్ని పిల్లల గది అంటారు. తాతని తీసుకున్నది ఊడవడానికీ నీళ్ళు మొయ్యడానికీ. అక్కడ అతని పేరు ఐసు తాత. పిల్లలకి అంత నోరు తిరగక 'ఐచ్చాతా' అంటారు.

ఆటల సంగతి మేడం పెట్టింది. మేడం అంటే ఆ గదిని నడిపే మనిషి. కళ్ళకింద నల్లగా, ఎప్పుడూ ఒక చేత్తో పిల్లనీ ఒక చేత్తో ఫోన్‌నీ మోస్తూ ఉంటుంది. ఉన్న ఆయాలు చాలరు, ఇంకొకర్ని పంపమని ఆమె ఆఫీసుకి చెప్పని రోజు లేదు. ఒక రోజు ఫోన్‌లో ఏదో చదివి తాతని పిలిచింది.

"తాతా, పసిపిల్లలు తాకి చూస్తేనే తెలివి పెరుగుతుందట. బొమ్మలు కొనక్కర్లేదట. వంటింట్లో ఉన్నవే చాలట. బియ్యం, పిండి, స్పాంజి, గిన్నె మూతలు."

"అంటే పిల్లల్ని వంటింట్లోకి వదిలెయ్యమనేనా అమ్మా?"

"వదలడం కాదు, వంటింటినే ఇక్కడికి తేవాలి."

ఇళ్ళల్లో తల్లి పక్కన కూర్చుని పిల్లలు చేసే పాడుపనులే ఇవన్నీ అని తాతకి అర్థమైంది. తల్లులేమో మిషన్ల దగ్గర ఉన్నారు. అందుకని ఆ పాడుపనులకి కూడా ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది. ఆయాలకి తీరిక లేదు కాబట్టి ఆ మనిషి తాతే అయ్యాడు. ప్రపంచాన్ని ముట్టుకుని తెలుసుకోవడం పిల్లలకి నేర్పే పని, ముట్టుకుంటే ఏమీ తెలియని చేతులకి పడింది. ఈ వింత ఎవరికీ తట్టలేదు. వంటామెకి ఒక్కదానికే తట్టింది, ఆమె నవ్వి ఊరుకుంది.

సైరన్ కూసింది. తల్లులు ఒకరి వెనక ఒకరు పరుగు నడకతో వచ్చి, పిల్లల్ని గుమ్మంలో దించి, ఏడుపులు వినకుండా వెనక్కి తిరిగి పోతున్నారు. అందరికన్నా చివర గుప్పిట తల్లి వచ్చింది.

గుప్పిట అంటే ఆ పిల్లకి వంటామె పెట్టిన పేరు. రెండేళ్ళు దాటిన ఆడపిల్ల. పెద్ద కళ్ళు, పల్చటి జుట్టు. రెండు చేతులూ ఎప్పుడూ మూసే ఉంటాయి, బొటనవేళ్ళు లోపలికి పెట్టి మరీ. బంతి ఇస్తే మోచేతులతో పట్టుకుంటుంది. బిస్కెట్టు ఇస్తే నోరు తెరుస్తుంది గాని చెయ్యి తెరవదు. డాక్టరు చూసి ఎముకలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి, అదే తెరుస్తుంది పొమ్మన్నాడు. అది ఎప్పుడో ఆయన చెప్పలేదు.

మేడం మాత్రం ఎప్పుడో చెప్పింది. రెండేళ్ళు దాటిన పిల్లలు తమ చేత్తో తాము తినాలి, అది ఆ గది నియమం. ఒక్కో పిల్లకీ ఒక్కో ఆయా కూర్చుని తినిపిస్తే చంటివాళ్ళని చూసేదెవరు? "ఈ నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే నువ్వే వేరే దారి చూసుకోవాలమ్మా," అని తల్లితో చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేక ఫోన్ చూస్తూ చెప్పింది. ఆ నెలాఖరు ఇవాళే. గుప్పిట తండ్రి పని వెతుక్కుంటూ ఎటో పోయి, అటే ఉండిపోయాడు. పిల్లని ఇక్కడ ఉంచుకోకపోతే తల్లికి మిషన్ లేదు. మిషన్ లేకపోతే ఇద్దరికీ తిండి లేదు.

తల్లి పిల్లని దించింది. ఇవాళ పిల్లకి తలదువ్వి, కొత్త గౌను వేసి తెచ్చింది. రోజూ తెచ్చే సంచీ ఇవాళ లావుగా ఉంది.

"తాతా, దీని దుప్పటీ, మూత గ్లాసూ ఎక్కడున్నాయి?"

"దుప్పటి తడిపాను, ఆరేశా. సాయంత్రం ఇస్తాలే."

"సాయంత్రమా..." అంది ఆమె. ఇంకేదో అనబోయి, లోపలి నుంచి మిషన్ల చప్పుడు మొదలవడంతో చెప్పుల కాళ్ళతో గబగబా వెళ్ళిపోయింది.

మేడం వచ్చి తాత పక్కన నిలబడింది.

"తాతా, ఇవాళ అన్నం దగ్గర నేనే కూర్చుంటా దాని ముందు."

"తింటుందిలే అమ్మా."

"నీ వేలితో కాదు తాతా. దాని చేత్తో."

ఆ మాటకి అర్థం తాతకి తెలుసు. వచ్చిన కొత్తలోనే గుప్పిట ఒక ఉపాయం కనిపెట్టింది. దేన్నయినా తాకాలనిపిస్తే తాత దగ్గరికి వచ్చి, మూసిన రెండు చేతుల మధ్య అతని చూపుడు వేలు ఇరికించుకుని, గరిటె కాడ పట్టుకున్నట్టు పట్టుకుని, దానితో తాకేది. అతని వేలితో అన్నం తినేది, బియ్యం కలిపేది. అతని వేలితో పిండి పొడిచేది. పొడిచి, తలెత్తి అతని మొహంలోకి చూసేది, ఎలా ఉందో చెప్పమన్నట్టు. ఏం చెప్తాడు? "మెత్తగా ఉందమ్మా," అనేవాడు. పిండి మెత్తగా ఉంటుందని చిన్నప్పుడు ఎప్పుడో తెలుసు కాబట్టి.

తాకని పిల్ల, తెలియని వేలు. ఇద్దరూ కలిసి నెలంతా ఆ గదిలో ఉన్న వస్తువులన్నీ పొడిచి చూశారు. ఏదీ ఏమిటో ఇద్దరికీ తెలియలేదు.

పాత దుప్పటి పరిచి, తాత సామాను సర్దాడు. పెద్ద పళ్ళెంలో బియ్యం, అందులో ఒక గరాటు. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో స్పాంజి ముక్కలూ, రెండు ప్లాస్టిక్ గ్లాసులూ. అట్టపెట్టెకి పిడికిలి పట్టేంత కన్నం చేసి లోపల కుట్టు ఫ్యాక్టరీ పీలికలు కూరాడు, నునుపువీ, గరుకువీ, నూగు ఉన్నవీ. పిల్లలు వాటి మీద పడ్డారు. ఒకడు బియ్యం తలమీద పోసుకున్నాడు. ఒకతి స్పాంజి పిండి ఆ నీళ్ళు తాగబోతే తాత లాక్కున్నాడు. ఇంకొకడు పెట్టెలోంచి ఎర్రపీలిక లాగీ లాగీ, అది ఎంతకీ అయిపోకపోయేసరికి భయపడి ఏడ్చాడు.

"ఏరా, కుట్టు ఫ్యాక్టరీ మొత్తం బయటికి లాగేస్తున్నావా? మీ అమ్మ కూడా వచ్చేస్తుంది చూడు," అన్నాడు తాత.

గుప్పిట గోడ దగ్గర నిలబడి చూసింది. తర్వాత వచ్చి అతని వేలు పట్టుకుంది. బియ్యం పొడిచారు. స్పాంజి పొడిచారు. తాత మెల్లిగా వేలు వెనక్కి తీసుకుని ఆమె చేతిని బియ్యానికి దగ్గర చేశాడు. గుప్పిట రెండు చేతులూ గౌనులోకి దాచేసుకుంది.

"సరే తల్లీ. నీ ఇష్టం."

అప్పుడు వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి ఐసు తెచ్చాడు.

దానికోసం ముందురోజు సాయంత్రమే వంటామెతో యుద్ధం చేశాడు. ఆమె చిన్న స్టీలు గరిటె, కాడ వంకరదీ, గిన్నెడు నీళ్ళ నడిమికి దారంతో వేలాడేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. "నా గరిటెకేం పాపం వచ్చింది బాబాయ్, చలికి చచ్చిపోదూ?" అని ఆమె గోల. నీళ్ళు రెండుసార్లు మరగబెట్టి చల్లార్చి పోశాడు, ఐసు తెల్లగా మసకబారకుండా. ఇన్నేళ్ళ తర్వాత చేసినా అద్దంలా వచ్చింది. గిన్నె బోర్లించి స్టీలు బేసిన్‌లోకి దింపి, పిల్లల నడుం ఎత్తు ముక్కాలిపీట మీద పెట్టాడు. లోపల గరిటె గాలిలో ఆగిపోయినట్టుంది.

పిల్లలు మూగారు. ఒక్కొక్కరే వేలు పెట్టి, కెవ్వుమని, నవ్వి, మళ్ళీ పెట్టారు. ఒకడు నాలుక పెట్టబోయాడు. కాసేపటికి విసుగొచ్చి నీళ్ళ తొట్టి దగ్గరికి పోయారు.

గుప్పిట పోలేదు. ముక్కాలిపీట చుట్టూ తిరిగి గరిటెని ఇటునుంచీ అటునుంచీ చూసింది.

"కావాలా? కరిగితే నీదే," అన్నాడు తాత.

ఆమె అతని వేలు పట్టుకుని ఐసుని పొడిచింది. గరిటె రాలేదు. ఈసారి అతని అరచెయ్యి మొత్తం ఈడ్చుకొచ్చి ఐసు మీద ఆనించింది. ఆనించి, మొహంలోకి చూసింది. ఇంతసేపూ పిల్లలందరూ చేసినట్టు తాత కూడా చెయ్యి లాక్కుంటాడని ఆమె ఎదురుచూపు.

తాత లాక్కోలేదు. ఎందుకు లాక్కోవాలో చెప్పేది ఆ చేతిలో ఏమీ లేదు. అలాగే ఉంచాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి బేసిన్‌లో పడుతున్నాయి. గోళ్ళు పాలిపోయాయి. చెయ్యి అంచు తెల్లబడి, తర్వాత ఎర్రబడి, మళ్ళీ తెల్లబడింది. చూపు ఆ గరిటె మీద ఉంది కానీ అతను ఏమీ అనుకోవడం లేదు. ఒక ఐసు దిమ్మా, దాని మీద ఒక చెయ్యీ. జీవితమంతా అదే.

గుప్పిట చేతిని చూసింది. మొహాన్ని చూసింది. మళ్ళీ చేతిని చూసింది. ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి. మూసిన చేత్తో అతని మణికట్టుని ఒక తోపు తోసింది. కదల్లేదు. రెండు చేతుల్తో తోసింది. కదల్లేదు. "ఐచ్చా," అంది. "ఐచ్చా, తీ."

తీసేవాడే. కానీ అంతలోనే ఆమె కుడిచెయ్యి విడింది.

ఒక్కో వేలే విడింది, బొటనవేలు ఆఖర్న. లోపల అరచెయ్యి నానినట్టు తెల్లగా, మడతల్లో నూలుపోగులూ మడ్డీ పేరుకుని ఉంది. ఆ వేళ్ళని ఆమె అతని అరచేతి కిందికి దూర్చి పైకి లేపబోయింది. లేపబోయి, ఐసుని ముట్టుకుంది.

కెవ్వుమని వెనక్కి లాక్కుని అరచేతిని చూసుకుంది. తడిగా మెరుస్తోంది. దాన్ని తాత చొక్కాకి తుడిచింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ లాక్కుంది. మూడోసారి పెట్టి అలాగే ఉంచి, భుజాలు చెవుల దాకా బిగించి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. తర్వాత అదే చేతిని తీసుకొచ్చి తాత చేతి మీద పెట్టింది, వెచ్చబెడుతున్నట్టు.

తాతకి కనబడింది. బుడిపెల్లాంటి వేళ్ళు తన ఉబ్బిన వేళ్ళ మీద. తగల్లేదు. కనబడింది, అంతే. రెప్ప వెయ్యకుండా చూశాడు.

అన్నం వేళయింది. ఐసు కరిగిపోకుండా తాత వంటగదిలోంచి గోనె తెచ్చి, తడిపి, బేసిన్ మీద కప్పి, అంచులు లోపలికి దోపాడు. "తినొచ్చాక చూద్దాం. పారిపోదులే," అన్నాడు.

మేడం పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, తను గుప్పిట ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వంటామె పప్పన్నం మెత్తగా కలిపి ముందు పెట్టింది. పెట్టి పోకుండా అక్కడే నిలబడింది. తాత చీపురు పట్టుకుని గది చివర ఉన్నాడు.

గుప్పిట నోరు తెరిచింది. ఎవరూ పెట్టలేదు. నోరు మూసుకుంది. తాత కోసం చుట్టూ చూసింది. అతను దూరంగా ఉన్నాడు. పళ్ళెం వైపు చూసింది. పొద్దున ఐసుని ముట్టుకున్నట్టే ఒక వేలు పెట్టి లాక్కుంది, జివ్వుమనలేదు. రెండు వేళ్ళు పెట్టింది. తర్వాత అరచెయ్యి మొత్తం అన్నంలో ముంచి పిసికింది. వేళ్ళ సందుల్లోంచి మెతుకులు పైకి వచ్చాయి. ఆ చేతిని ఎత్తి, తిప్పి చూసుకుని, నోట్లో పెట్టుకుంది. సగం ముక్కుకి పోయింది, కొంత చెవి దాకా పోయింది, మిగిలింది మింగింది.

"తింది," అంది మేడం, ఎవరితోనూ కాదు. కాసేపు చూసి, లేచి, చీర దులుపుకుని, "సరే. ఉంటుందిక. వాళ్ళమ్మకి నేనే చెప్తా," అంది. చాలా రోజుల తర్వాత ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి.

"గుప్పిట అని పిలవడానికి లేదిక. వేరే పేరు వెతకాలి దీనికి. నాకు పని పెంచావ్ బాబాయ్," అంది వంటామె, ముక్కు ఎగబీల్చి.

తాత చీపురు కదిపాడు.

మేడం చెప్పాల్సిన పని లేకపోయింది. అన్నాల సైరన్ కూసిన వెంటనే తల్లి తనే వచ్చింది. వెనక ఒక ముసలామె, చేతిలో చేతిసంచీ, దుమ్ముకొట్టుకున్న చెప్పులు. గుప్పిట అమ్మమ్మ.

"తాతా, దుప్పటి ఆరిందా?" అంది తల్లి. అని, పిల్లని చూసింది. పిల్ల ఇంకా తింటోంది. రెండో చెయ్యి కూడా విడింది.

"ఎవరు తినిపించారు?"

"ఎవరూ తినిపించలేదమ్మా, అదే తిన్నది," అంది మేడం. "ఇక భయం లేదు. ఉంచుకోవచ్చు."

కూర్చుందో కూలబడిందో, తల్లి పిల్ల పక్కన నేలమీద ఉంది. పిల్ల చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, అది పక్కింటి వాళ్ళదేమో అన్నట్టు చూసింది.

"గది ఖాళీ చేసేశాను," అంది చివరికి. "పొద్దున్నే వేరేవాళ్ళు దిగిపోయారు. నేను ఆడవాళ్ళ హాస్టల్‌కి వెళ్తున్నా. అక్కడ పిల్లల్ని రానివ్వరు. అమ్మని రమ్మన్నా, ఇది అమ్మతో వెళ్తుంది."

"ఒక్క మాట చెప్పుంటే..." అంది మేడం.

"తీసేస్తానన్నారు కదా మేడం. తీసేశాక వెతుక్కోమంటారా?" కోపం లేదు ఆ గొంతులో. లెక్క అప్పజెప్పినట్టు ఉంది.

తాత చీపురు గోడకి ఆనించి దగ్గరికి వచ్చాడు. "నిన్నైనా నాతో అనకపోయావా తల్లీ. ఇంకో రోజు ఆగమని చెప్పేవాణ్ణి."

"నిన్న తినలేదుగా తాతా."

పక్కన ఒక పిల్లాడు పళ్ళెం బోర్లించాడు.

ముసలామె గుమ్మం దగ్గరే నిలబడి పైటతో మెడ తుడుచుకుంటోంది. "బస్సు పోతుందే," అంది కూతురితో. "అది పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. అక్కడ మీ అన్నయ్య వాళ్ళు తలుపులేసుకుంటారు."

తల్లి లేచింది. దుప్పటి మడిచింది. మూత గ్లాసు సంచీలో వేసింది. ముసలామె పిల్ల చేతులు కుళాయి కింద కడిగి, చెయ్యి తెరిచి ఉండటంలో వింతేముంది అన్నట్టు తన కొంగుతో తుడిచింది. ఆమె ఆ పిల్లని చంటిపాపగా చూసింది, మళ్ళీ ఇవాళే.

కిందికి దించగానే పిల్ల ముక్కాలిపీట దగ్గరికి పరుగెత్తింది. గోనె పట్టుకుని లాగింది. "ఐచ్చా, గలిటె."

"ఇంకా కరగలేదమ్మా," అన్నాడు తాత.

ఐసు మంచి ఐసు, గోనె మంచి తడి గోనె. కరగకుండా చూడటమే అతనికి వచ్చిన పని. గరిటె ఇంకా లోపల నడిమధ్యలో ఉంది. పగలగొడదామా అని ఒక్క క్షణం చుట్టూ చూశాడు. కొంకి లేదు, సుత్తి లేదు. ముసలామె అప్పటికే పిల్లని ఎత్తుకుంది. బేసిన్ అంచున విరిగిపడ్డ చిన్న ఐసు ముక్క ఒకటి ఉంటే తీసి పిల్ల అరచేతిలో పెట్టాడు. పిల్ల చెయ్యి మూసేసింది.

వాళ్ళు గుమ్మం దాటారు. తల్లి సంచీ మోస్తూ ముందు నడిచింది, గేటు దాకా సాగనంపి మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళాలి. ముసలామె భుజం మీంచి పిల్ల మొహం కనబడింది. ఆమె ఇటు చూడటం లేదు, తన గుప్పిటనే చూసుకుంటోంది. మూసిన వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి ముసలామె వీపు మీది జాకెట్టు తడుస్తోంది. గేటు దగ్గర మలుపు తిరిగారు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నారు. ఒక చాప చుట్టేసి గోడకి ఆనించి ఉంది. మేడం ఆఫీసు వాళ్ళకి ఫోన్ చేసి, ఒక ఖాళీ ఉంది, ఎవర్నైనా పంపొచ్చు అని చెప్పింది. చెప్పి, ఫోన్ పక్కన పెట్టి, రెండు అరచేతులతో మొహం రుద్దుకుంది. తాత బియ్యం ఊడ్చి, చెరిగి, డబ్బాలో పోశాడు. స్పాంజి ముక్కలు పిండి ఎండబెట్టాడు, పిండాడో లేదో చూసుకుంటూ. పీలికలు పెట్టెలో కూరాడు. తర్వాత ముక్కాలిపీట దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి, బేసిన్ మీది గోనె తీసేశాడు. దాన్ని దులిపి, మడిచి, మేకుకి తగిలించాడు. ఇక దాచాల్సిన పని లేదు.

సాయంత్రం సైరన్ కూసింది. తల్లులు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకుపోయారు. గుప్పిట తల్లి కూడా వాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళింది, అలవాటు కొద్దీ పిల్లల గది వైపు రెండడుగులు వేసి, ఆగి, హాస్టల్ దారి పట్టింది.

వంటామె వంటగదికి తాళం వేస్తూ కేకేసింది.

"బాబాయ్, నా గరిటె కడిగి పెట్టు. రేపటికి కావాలి."

"రేపు పొద్దున తీస్తాలే."

"కరిగిపోయే ఉంటుందిగా?"

"తీస్తాలే అన్నాగా."

ఇద్దరూ చెప్పులేసుకున్నారు. తాత చొక్కా మీద గుండె పక్కన, పొద్దున ఆ పిల్ల చెయ్యి తుడిచిన చోట, చిన్న మడ్డి మరక ఎండి ఉంది. అతనింకా దాన్ని చూడలేదు. కూతురి ఇంట్లో ఈపాటికి గుడ్డ చుట్టిన గ్లాసు కిటికీ గట్టు మీదికి వచ్చి ఉంటుంది. తలుపు లాగి, గొళ్ళెం పెట్టాడు, పెట్టాడో లేదో వంగి చూసుకున్నాడు.

లోపల ముక్కాలిపీట మీద, పిల్లల నడుం ఎత్తున, బేసిన్ నిండా నీళ్ళున్నాయి, అడుగున గరిటె పక్కకి ఒరిగి, చిన్న చేతికి అందేలా వంకర కాడ అంచు మీదికి ఆనించి ఉంది.